పాకెట్టు మూతిని కొలువవలసిన వారెవరు?

దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్.బి. నగరమునకు పోవు రాజమార్గమున కిరువైపుల, కోచింగు కేంద్రములకును హాస్టళ్లకును నడుమ, మేడమీది గదులలో స్నూకర్, పూల్ బల్లలు వెలసి చాలకాలమైనది. సాయంకాలమున కొత్తపేటలో నట్టి గది మెట్లెక్కి చూచినచో, గంటకింతయని అద్దె చెల్లించి యాడు విద్యార్థులును, చిన్న యుద్యోగులును, కొట్టు కట్టివచ్చిన గుమాస్తాలును కన్పింతురు. పెద్దలు కొందఱీ గదులను చూచి మొగము చిట్లింతురు. మేము వారితో నేకీభవింపజాలము. కన్నును, చేతిని, ఓర్మిని ఒక్కటిగ పనిచేయించు విద్య యేదియు హేయము కాదు.

ఈ యువకులలో నిప్పుడొక వాదము చెలరేగియున్నది. ప్రపంచపు పోటీలలో మేటి యాటగాడు బ్రేకు కొట్టినది మొదలు బల్లపై నొక్క బంతియు మిగులకుండ నూడ్చివైచుచున్నాడు. ప్రత్యర్థికి కుర్చీలో గూర్చుండి చాక్‌పీసును వ్రేళ్లనడుమ త్రిప్పుకొనుట తక్క వేఱు పని లేదు. ఇది యాటగాని గొప్పయా, బల్ల సులువా? పాకెట్లను ఇఱుకు చేయవలెనని కొందఱును, ఆట నిబంధనలనే మార్చవలెనని కొందఱును తగవులాడుచున్నారు. మా యభిప్రాయమును ముందే చెప్పుదుము. ఆటను కఠినము చేయుట యవసరమే; కాని యా కాఠిన్యము పాకెట్టు మూతియందు కంటె ఆటగాని యాలోచనయందు హెచ్చుగ నుండవలెను. ఆ కొలతలను నిర్ణయించునపుడు మనదేశమునకును నోరుండవలెను.

పూల్ బల్ల 9 అడుగుల పొడవు, 4½ అడుగుల వెడల్పు గలది. బంతి వ్యాసము 2¼ అంగుళములు. మూల పాకెట్టు మూతి 4½ అంగుళములకు తక్కువ గాకుండవలెనని చిరకాలముగ వచ్చుచున్న ప్రమాణము. అనగా రెండు బంతులు ప్రక్కప్రక్కన నిలుచునంత. ఇటీవలి సంవత్సరములలో కొన్ని పెద్ద పోటీలలో దీనిని 4 అంగుళములకు కుదించిరి. అర యంగుళమే గదా యని చదువరులు తలంపవచ్చును. కాని బల్ల యీ కొననుండి యా కొనకు కొట్టు దెబ్బలో నా యర యంగుళమే గెలుపోటములను తేల్చును. ఇందొక చిక్కును గలదు. మూతి మిక్కిలి ఇఱుకైనపుడు ఆటగాడు సాహసము మానును; తెల్లబంతిని బల్లయంతయు త్రిప్పి తెచ్చు సొగసైన దెబ్బలు విడిచి, బంతిని దాచి యెదుటివాని తప్పుకై కాచుకొనును. చూడవచ్చిన వారికది యెంతసే పింపుగ నుండును?

ఈ చిక్కు పాతదే. ఇంగ్లీషు బిలియర్డ్స్ చరిత్ర నెఱిగినవారు టామ్ రీస్ అను నాతడు 1907లో లండనులో చేసిన చమత్కారమును మఱువరు. రెండు బంతులను పాకెట్టు దవడలయం దిఱికించి, వానిని కదలనీయక తాకుచు, అయిదు వారములపాటు ఒకే బ్రేకు నాడి 4,99,135 పాయింట్లు కూడబెట్టెను. ఆ పద్ధతిని వెంటనే నిషేధించిరి. పిమ్మట 1932లో ఆస్ట్రేలియావాడగు వాల్టర్ లిండ్రమ్, జో డేవిస్‌పై నాడుచు 4,137 పాయింట్ల బ్రేకు చేసెను. అతనిది మోసము కాదు, నిక్కమైన విద్య. అయినను ప్రత్యర్థి గంటలకొలది లేవకుండుట, బంతులు అంగుళమైనను కదలినట్లు తోపకుండుట ప్రేక్షకులకు వెగటైనది. తెల్లబంతి ప్రతి 200 పాయింట్లకొకసారి బల్లపై గీచిన గీతను దాటవలెనని నిబంధన చేసిరి గాని, అప్పటికే జనము స్నూకర్ వైపు మరలుచుండెను. నియమకర్తలు మేల్కొనుటలో నాలసించినచో ఆట యేమగునో బిలియర్డ్స్ గతియే చెప్పుచున్నది.

ఇక నిబంధనల మాట. టెలివిజనుకు ప్రీతిపాత్రమైన నైన్‌బాల్ ఆటలో, బల్లపైనున్న బంతులలో కనిష్ఠసంఖ్య గలదానిని ముందుగ తాకినచో చాలును. 9వ బంతి యే మూలను, ఎట్లు పడినను గెలుపే. గుఱిపెట్టినది యొకటి, పడినది మఱియొకటి! బంతులను బిగువుగ పేర్చుటకు పలుచని పలక వచ్చిన పిదప నేర్పరులు బ్రేకులో ప్రక్కబంతి నొకదానిని దాదాపు ప్రతిసారియు పడగొట్టుట మొదలిడిరి. అందుపై 9వ బంతిని చుక్కపై నుంచి పేర్పును ముందునకు జరిపిరి. తెల్లబంతి నుంచుకొను తావును కుదించిరి. బ్రేకులో మూడు బంతులైనను పడుటయో గీత దాటుటయో జరుగవలెననిరి. ఇవి మంచి మార్పులే. అయినను వీనికంటె టెన్‌బాల్ పద్ధతి మాకు నచ్చినది. అందు ఏ బంతి యే పాకెట్టున పడునో ముందు చెప్పి కొట్టవలెను. చెప్పనిది పడినచో లెక్కకు రాదు.

నేర్పెంత, అదృష్టమెంత యను ప్రశ్న మన నగరమునకు క్రొత్త గాదు. సికిందరాబాదులోని యొక క్లబ్బులో రమ్మీ యాడుట జూదమా కాదా యను వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయి 1967లో తీర్పు వచ్చినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో తెలిసి యాడవలసినది గనుక రమ్మీ ప్రధానముగ నేర్పుతో గూడిన యాటయే యని న్యాయమూర్తులు చెప్పిరి. మూడుముక్కలాట వంటిది కాదనిరి. చట్టమే యింత తూచి చూచునపుడు ఆటను నడపు సంఘములు తూచకుండుట తగునా? గుడ్డిదెబ్బకు బహుమానమిచ్చుచు ఇది నేర్పు పరీక్షయనుట మాకు వింతగ నున్నది. ఆటల సంఖ్యను తగ్గించి గంటలో పోటీ ముగించుటయు నిట్టిదే. పదునైదు, ఇరువది గేములు గెలువవలసిన పోటీలో అదృష్టము అలసిపోవును. అయిదింటిలో నదియే రాజు.

ఈ విషయమున మన మితరుల నోరు చూచుట యేల? స్నూకర్ పుట్టినది 1875లో జబల్‌పూరునందు; దాని నిబంధనలు కుదురుకొన్నది ఉదకమండలమునందు. ఆడినవారు తెల్లదొరలు, బంతు లందించినవారు మనవారు. అట్టి మనవారిలోనుండి విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాయందు ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేతయయ్యెను. ఆసియా క్రీడలలో 2006లోను 2010లోను పంకజ్ అద్వానీ బిలియర్డ్స్ స్వర్ణములు తెచ్చెను. 2014లో నా క్రీడలనుండి క్యూ ఆటలనే తొలగించిరి. చైనావారిని చూడుడు. పూల్ బల్ల సులువైనదని తోచి, 9 అడుగుల బల్లకే స్నూకర్ వలె గుండ్రని యంచుల పాకెట్లు పెట్టి తమకు తగిన యెనిమిది బంతుల యాటను తాము కట్టుకొనిరి. నేడు ఇతరదేశములవారును దాని నాడుచున్నారు. మనమును క్యారమ్స్‌లో నట్టి పని చేసియే యున్నాము. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో మదరాసున నేర్పడినది. పాకెట్టు వ్యాసము, స్ట్రైకర్ బరువు మనవారు కూర్చుండి తేల్చినవే. తొమ్మిది బిళ్లలను ఒక్క వరుసలో ముగించు నేర్పరు లందును కలరు. 25 పాయింట్లు లేక ఎనిమిది బోర్డులు, మూడింట రెండు గేములు అను నియమమువలన ఒక్క వరుస యదృష్టముతో మాచి గెలుచుట సాధ్యము గాదు.

కొత్తపేటకు మరలుదము. ఇచటి గదులలో పెక్కింట బల్లలు చిన్నవి, గుడ్డ అరిగినది, పాకెట్లు ఉదారములు. యజమానిని తప్పుపట్టలేము, బంతులు పడుచున్ననే కుఱ్ఱవాడు రేపు మరల వచ్చును. కాని యా కుఱ్ఱవాడే ఇరుగుపొరుగున మేటియని పేరుపడి, రాష్ట్రపోటీకి పోయి కొలతగల బల్లపై తొలి గంటలోనే తెల్లబోవుచున్నాడు. తనకు విద్య రాలేదనుకొని క్యూ కఱ్ఱను మూలబెట్టును. అతనికి రానిది విద్య కాదు, దొరకనిది నిజమైన బల్ల. ఫిలిప్పీను దేశపు ఎఫ్రెన్ రేయెస్ తన మామగారి పూల్ గదిలో పనిచేయుచు, రాత్రులందు బల్లలమీదనే పండుకొని నేర్చి, 1999లో ప్రపంచ నైన్‌బాల్ విజేతయయ్యెను. పేదవానికి బల్ల యందుబాటులో నుండుటయే యచట ముఖ్యము.

కావున రాష్ట్ర సంఘమువారికి మా విన్నపము. స్థానిక పోటీలలో బంతిని, పాకెట్టును ముందు చెప్పి కొట్టు నియమమును పెట్టుడు. గేముల సంఖ్యను పెంచుడు. ప్రభుత్వమువారు సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియము వంటి ప్రజల సొమ్ముతో కట్టిన క్రీడాగృహములలో కొలత సరిచూచిన బల్లను విద్యార్థుల కందుబాటులో నుంచవలెను. యజమానులు తమ బల్లలలో నొక్కదానికైనను ప్రమాణము ప్రకారము పాకెట్లు బిగించి, దాని కొలతను గోడపై వ్రాయింపవలెను. ఇక యువకులు రేపటి సాయంకాలమే రెండు బంతులను తీసి మూల పాకెట్టు మూతికడ ప్రక్కప్రక్కన నుంచి చూడవచ్చును. వానికిని కుషనునకును నడుమ వ్రేలు దూరినచో, నిన్నటి గెలుపులలో నెన్ని తమవో, ఎన్ని బల్లవో లెక్కవేసికొని, యజమానిని పిలిచి యా సందును చూపవలయును.