నైట్ షిఫ్ట్ ఫిట్టర్ చేతిలో నడవకపోతే ఆ మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ ఎందుకు?

ఫోన్ల విషయంలో మనం అంత ఈజీగా మోసపోం. బాక్స్ మీద 200 మెగాపిక్సెల్ అని రాసి ఉంటే, రాత్రి తీసిన ఫొటో చూపించమంటాం. బెంచ్‌మార్క్ స్కోర్ చెప్తే, అరగంట గేమ్ ఆడాక ఎంత వేడెక్కుతుందో అడుగుతాం. లక్షలు పోసి ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు మాత్రం ఈ తెలివి ఎటు పోతుందో తెలీదు. ఏసీ రూమ్‌లో కూర్చుని, వెండార్ ల్యాప్‌టాప్‌లో రంగురంగుల డ్యాష్‌బోర్డ్ చూసి, ఫీచర్ల లిస్టులో టిక్కులు లెక్కపెట్టి సంతకం పెట్టేస్తారు.

నేను చెప్తున్నది సీఎంఎంఎస్ గురించి. కంప్యూటరైజ్డ్ మెయింటెనెన్స్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అన్నమాట. ఫ్యాక్టరీలో ఏ పంపు, ఏ మోటార్, ఏ కంప్రెసర్ ఎక్కడుంది, దేనికి ఎప్పుడు ఆయిల్ మార్చాలి, ఏది చెడిపోయింది, ఎవరు బాగుచేశారు, ఏ స్పేర్ వేశారు అన్నీ ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్ ఇది. ఫలానా పని చేయమని సిస్టమ్ ఇచ్చే ఆర్డర్‌ని వర్క్ ఆర్డర్ అంటారు. పెద్ద కంపెనీల్లో ఐబీఎం మ్యాక్సిమో, శాప్ ప్లాంట్ మెయింటెనెన్స్ కనిపిస్తాయి. అప్‌కీప్, మెయింటెయిన్‌ఎక్స్ లాంటివి మొబైల్‌నే నమ్ముకుని వచ్చాయి. ఓపెన్ సోర్స్ కావాలంటే మన దేశంలోనే తయారైన ఈఆర్‌పీనెక్స్ట్‌లో కూడా మెషిన్ల మెయింటెనెన్స్ షెడ్యూల్ పెట్టుకోవచ్చు.

బీటెక్ అయ్యాక నా ఉద్యోగం ఇలాంటి యాప్‌లకి మొబైల్ వైపు కోడ్ రాయడమే. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. రాత్రి రెండు గంటలకి గ్రీజు చేతులతో ఉన్న ఫిట్టర్ ఆ యాప్‌లో ఉన్నది ఉన్నట్టు రాయగలడా లేదా? ముందు అది తేల్చుకోవాలి. డ్యాష్‌బోర్డ్ సంగతి ఆ తర్వాత.

స్క్రీన్ అంతా ఆకుపచ్చే

ఓ ప్లాంట్‌లో ఏడాదిగా నడుస్తున్న సిస్టమ్ డేటా చూసే పని నాకు పడింది. పేరు అనవసరం. ప్రివెంటివ్ మెయింటెనెన్స్ పనులన్నీ టైమ్‌కి పూర్తయినట్టే ఉన్నాయి. ఎక్కడ చూసినా ఆకుపచ్చే. టైమ్‌స్టాంప్‌లు బయటికి తీశాక అసలు కథ తెలిసింది. రాత్రంతా ఒక్క ఎంట్రీ లేదు. పొద్దున షిఫ్ట్ దిగే ముందు పావుగంటలో పదుల కొద్దీ పనులు వరసపెట్టి క్లోజ్ అయిపోయాయి. అదీ ఒకే లాగిన్ నుంచి. ఆ ప్లాంట్ ఈ చివర నుంచి ఆ చివరికి నడవడానికే అంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది!

అక్కడి ఫిట్టర్‌ని అడిగాను. “కింద సిగ్నల్ ఉండదు సార్. పైకొచ్చాక గుర్తున్నంత కొడతాం. పైగా మా ఆరుగురికీ ఒకటే పాస్‌వర్డ్” అన్నాడు. పని చేయకుండా టిక్ పెట్టినవి ఎన్నో, చేసి ఆలస్యంగా పెట్టినవి ఎన్నో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. లైసెన్స్ ధర యూజర్ లెక్కన ఉంది కాబట్టి ఖర్చు మిగులుతుందని షిఫ్ట్‌కి ఒక్క లాగిన్ తీసుకున్నారు. ఎవరు ఏం చేశారో తెలుసుకోడానికే కొన్న సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా అదే తెలీకుండా పోయింది.

ఫార్మా ప్లాంట్లలో ఇది ఇంకా పెద్ద తలనొప్పి. అమెరికాకి మందులు పంపే కంపెనీలకి వర్తించే ఎఫ్‌డీఏ రూల్, 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 ప్రకారం ఎలక్ట్రానిక్ సంతకం ఒక మనిషికి ఒకటే ఉండాలి. దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర అలా ఎగుమతి చేసే ప్లాంట్లు చాలానే ఉన్నాయి. లైసెన్స్ దగ్గర మిగిల్చింది ఆడిట్ దగ్గర పోతుంది.

ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం

రికార్డు కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు పైపర్ ఆల్ఫా గురించి తెలుసుకోవాలి. ఉత్తర సముద్రంలో స్కాట్లాండ్ వైపు ఉన్న ఆయిల్ ప్లాట్‌ఫామ్ అది. 1988 జులై 6న పగటి షిఫ్ట్ వాళ్లు ఒక కండెన్సేట్ పంపు తాలూకు ప్రెజర్ సేఫ్టీ వాల్వ్‌ని మెయింటెనెన్స్ కోసం ఊడదీశారు. ఆ ఖాళీకి తాత్కాలికంగా మూత బిగించారు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. వాల్వ్ లేదన్న సంగతి తెలీని నైట్ షిఫ్ట్ వాళ్లు మొదటి పంపుని స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకైంది, పేలింది. 167 మంది చనిపోయారు.

వాల్వ్ తీశామన్న పర్మిట్ కాగితం లేక కాదు. ఉంది. పంపు స్టార్ట్ చేసే మనిషికి అది తెలియలేదు. 1990లో వచ్చిన లార్డ్ కల్లెన్ విచారణ నివేదిక పర్మిట్ విధానాన్ని, షిఫ్ట్ మారేటప్పుడు సమాచారం అప్పగించే తీరుని గట్టిగా తప్పుపట్టింది.

కాగితం తీసేసి క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన ఈ సమస్య పోదు. సమాచారం సర్వర్‌లో భద్రంగా ఉండి, మెషిన్ ముందు నిలబడ్డ మనిషికి కనిపించకపోతే పాత కథే మళ్లీ.

డెమోలో ఈ టెస్టులు పెట్టండి

మొదటిది, ఏరోప్లేన్ మోడ్. వెండార్ ఫోన్‌లోనే ఆన్ చేయమని చెప్పి వర్క్ ఆర్డర్ ఓపెన్ చేయించండి, ఫొటో తీయించండి, క్లోజ్ చేయించండి. తర్వాత నెట్ ఆన్ చేస్తే అన్నీ అసలు టైమ్‌తో సింక్ అవ్వాలి. ఆఫ్‌లైన్ సపోర్ట్ ఉందని బ్రోషర్‌లో రాయడం తేలిక. ఇద్దరు ఒకే పనిని ఆఫ్‌లైన్‌లో మారిస్తే ఎవరిది నిలబడాలి అన్నది తేల్చే కోడ్ రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే కళ్లతో చూడందే నమ్మొద్దు.

రెండోది, ఫోన్. డెమో ఎప్పుడూ ఫ్లాగ్‌షిప్‌లోనే చూపిస్తారు. మూడేళ్ల నాటి బడ్జెట్ ఫోన్‌లో, చేతికి గ్లవ్స్ వేసుకుని వాడి చూడండి. కంపెనీయే ఫోన్లు కొనిస్తే శాంసంగ్ గెలాక్సీ ఎక్స్‌కవర్ సిరీస్ లాంటివి ఈ పనికి బాగుంటాయి. ఎక్స్‌కవర్ 7లో బ్యాటరీ ఊడదీసి మార్చుకోవచ్చు కాబట్టి ఛార్జింగ్ కోసం ఫోన్ పక్కన పెట్టక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఐపీ68 అంటే దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ మాత్రమే. సాల్వెంట్ ఆవిరి ఉండే చోటికి మామూలు రగ్గడ్ ఫోన్ కూడా తీసుకెళ్లకూడదు. నిప్పురవ్వ పుట్టినా ఆవిరి అంటుకోనంత తక్కువ ఎనర్జీతో పనిచేసేలా తయారుచేసి, ఆ జోన్‌కి సర్టిఫై చేసిన ఫోన్ కావాలి. వాటి ధర ఎక్కువ. బడ్జెట్ వేసేటప్పుడే ఇది లెక్కలో ఉండాలి.

మూడోది, క్యూఆర్ కోడ్. మెషిన్ మీద కోడ్ స్కాన్ చేస్తే దాని చరిత్ర రావాలి, సరే. మరి దాని మీద ఆయిల్ పడితే? క్యూఆర్‌లో ఎర్రర్ కరెక్షన్ లెవెల్స్ నాలుగు ఉంటాయి. ఎల్ లెవెల్‌లో 7 శాతం వరకు పాడైనా చదువుతుంది, హెచ్ లెవెల్‌లో అయితే దాదాపు 30 శాతం. హెచ్‌లోనే ప్రింట్ చేయించండి. ఎన్‌ఎఫ్‌సీ కావాలంటే లోహం మీద పనిచేసే ట్యాగ్‌లని అడిగి తీసుకోండి, మామూలు స్టిక్కర్ ఇనుము మీద మొరాయిస్తుంది.

నాలుగోది, భాష. మన ప్లాంట్లలో తెలుగువాళ్ల పక్కనే ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లూ పనిచేస్తారు. తెలుగు, హిందీ, ఒడియా మెనూ లేకపోయినా కనీసం వాయిస్ నోట్ ఉండాలి. “బేరింగ్ దగ్గర గరగర సౌండ్ వస్తోంది” అన్న పది సెకన్ల ఆడియో, ఇంగ్లిష్‌లో కొట్టిన ‘ఓకే’ కంటే వెయ్యి రెట్లు మేలు.

చివరిది, ఎక్స్‌పోర్ట్. వర్క్ ఆర్డర్ల చరిత్ర మొత్తం ఫొటోలతో సహా ఎలా బయటికి తెచ్చుకోవాలో సంతకానికి ముందే చూపించమనండి. ఐదేళ్ల తర్వాత వెండార్‌ని మారిస్తే కావాల్సింది ఆ చరిత్రే.

కొన్నాక అసలు పని

ఇన్‌స్టాల్ చేయడానికి పట్టే టైమ్ తక్కువే. పేర్లు సరిచేయడానికే ఎక్కువ పడుతుంది. స్టోర్స్‌లో ఒకే బేరింగ్ ‘6205’ అని ఒకచోట, ‘బాల్ బేరింగ్ 25 ఎంఎం’ అని ఇంకోచోట ఉంటుంది. ఒక పేరు కింద స్టాక్ సున్నా చూపించి సిస్టమ్ కొత్తవి కొనమంటుంది, పక్క ర్యాక్‌లో నాలుగు ఉంటాయి. అలాగని 6205 అన్నవన్నీ కలిపేయడమూ కుదరదు. జెడ్‌జెడ్ అంటే రేకు షీల్డ్, 2ఆర్‌ఎస్ అంటే రబ్బర్ సీల్. ఆ తేడా తెలిసిన స్టోర్ కీపర్‌ని డేటా టీమ్‌లో కూర్చోబెట్టాల్సిందే. ఎక్సెల్ షీట్‌ని ఉన్నదున్నట్టు అప్‌లోడ్ చేస్తే పాత చెత్త కొత్త ఇంట్లోకి మారినట్టే.

ప్లాంట్ మొత్తం ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఆగితే ప్రొడక్షన్ ఆగిపోయే, లేదా మనుషులకి ప్రమాదం తెచ్చే మెషిన్లు ఓ పది తీసుకోండి. వాటితో రెండు మూడు నెలలు నడపండి. అందరికీ విడివిడిగా లాగిన్లు ఇవ్వండి. ఫిట్టర్ “వైబ్రేషన్ ఎక్కువగా ఉంది” అని రాస్తే ఆ వారంలోనే ఎవరో ఒకరు వెళ్లి చూడాలి, ఏం చేశామో అదే యాప్‌లో అతనికి చెప్పాలి. రెండుసార్లు పట్టించుకోకపోతే మూడోసారి అతను రాయడు. ఎందుకు రాస్తాడు?

మరి మేనేజర్లకి డ్యాష్‌బోర్డ్ అక్కర్లేదా అంటే, కావాలి. బడ్జెట్ అడగాలన్నా, షట్‌డౌన్ ప్లాన్ చేయాలన్నా లెక్కలు ఉండాల్సిందే. ఇప్పుడు అందరూ చెప్పే ఏఐ ప్రిడిక్షన్ కూడా పనికొచ్చేదే. కాకపోతే అది నేర్చుకునేది పాత బ్రేక్‌డౌన్ల రికార్డు నుంచి. పావుగంటలో కొట్టేసిన టిక్కులతో ట్రైన్ చేస్తే అంతా బ్రహ్మాండంగా ఉందనే చెప్తుంది, మోటార్ కాలిపోయే రోజు దాకా.

మీలో చాలామంది రేపు ఏదో ఒక ప్లాంట్‌లో ట్రైనీగా చేరొచ్చు, లేదా నాలాగా ఈ యాప్‌లే రాయొచ్చు. గాడ్జెట్లు తెలిసినవాళ్లని డెమోకి పిలవడం మామూలే. పిలిస్తే ఒక్క కండిషన్ పెట్టండి. నైట్ షిఫ్ట్ నుంచి ఒక ఫిట్టర్‌ని కూడా ఆ రూమ్‌లోకి పిలిచి, ఫోన్ అతని చేతికి ఇవ్వమనండి. వెండార్ నోరు మెదపకుండా ఐదు నిమిషాల్లో అతను ఒక వర్క్ ఆర్డర్ పూర్తి చేయగలిగితే అప్పుడు ధర గురించి మాట్లాడొచ్చు.