పేరులేని మందు

2014వ సంవత్సరమున నల్లగొండ ఔషధ విక్రేత శ్రీ చిలుకూరి పరమాత్మగారు హైదరాబాదు ఉన్నత న్యాయస్థానమున ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసిరి. నోయిడా నగరమున మూడేండ్ల బాలిక పొరపాటున ఇచ్చిన ఇంజెక్షనువలన మరణించినదన్న వార్త ఆయనను కదలించినది. వైద్యులు వ్రాయు మందుచీటీ చదువ వీలుగా నుండవలయుననుటయే ఆయన మొఱ. 2016లో భారత వైద్య మండలి, మందులను జనరిక్ నామములతో, స్పష్టముగా, వీలైనంతవఱకు పెద్ద అక్షరములలో వ్రాయవలయునని నియమించినది. 2025లో పంజాబు-హర్యానా ఉన్నత న్యాయస్థానము చదువదగిన మందుచీటీ ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పినది.

ఇది సంతోషింపదగిన విషయమే. కాని చీటీ చక్కబడినంతనే రోగి గట్టెక్కినట్లు కాదు. మందు వైద్యుని కలమునుండి బయలుదేరి దుకాణము, మందులగది, నర్సు చేయి దాటి రోగిని చేరును. ఇందులో ఏ యొక్కచోట పేరు చెడినను తక్కిన జాగ్రత్తలన్నియు వ్యర్థము. గాఢమైన పొటాషియం క్లోరైడు ద్రావణము చూపునకు నీటివంటిది. పలుచన చేయక నరములోనికెక్కించిన గుండె ఆగిపోవును. అందువలననే దానిని వార్డులలో నుంచక వేరుగా భద్రపఱుపుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించినది. సిరంజిలోనికి తీసిన మందుపై పేరు, మోతాదు, వేళ వ్రాసి యంటింపకున్న, తీసినవారికి తప్ప అది యేమందో ఎవ్వరికి తెలియును?

మందువలె మనిషికిని పేరు కావలయును. యాదగిరిగుట్ట స్వామి పేరు పెట్టుకొన్న యాదయ్యలు, నరసింహలు నల్లగొండ ప్రాంతమున ఇంటింట కలరు. కురుమూర్తిస్వామి పేరిటి కురుమయ్యలు పాలమూరున కొల్లలు. ఒకే వార్డులో ముగ్గురు యాదయ్యలుండుట వింతగాదు. మంచము సంఖ్యను నమ్ముటయు ప్రమాదమే, మంచములు మాఱుచుండును గనుక. ముంజేతికి కట్టిన పట్టీపై పేరు, తండ్రిపేరు, వయస్సు, నమోదుసంఖ్య ఉండవలయును. రక్తము తీసిన సీసాపై రోగి మంచముకడనే పేరు వ్రాయవలయును. రక్తము ఎక్కించునపుడు ఇది తప్పిన ప్రాణమునకే ముప్పు.

మహబూబునగరమున 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. రోగులు పెరిగిరి, పూటపూటకు మాఱు యువవైద్యులును, నర్సులును పెరిగిరి. ఒకరు విడిచిన పనిని మఱియొకరందుకొనుచోట జ్ఞాపకశక్తిపై భారము వేయరాదు. పని యొత్తిడిలో ఇవి యెట్లు సాగునని కొందఱనవచ్చును. తొందర లేనిచోట లేబులు లేకున్నను నడచును. తొందరలోనే అది అక్కఱకు వచ్చును. పొరపాటు జరిగిన పిమ్మట నర్సును నిందించుటకంటె, ఒకే పోలికగల రెండు సీసాలను ఒకే అఱలో నుంచిన పద్ధతిని మాన్పుట మేలు.

ఇక ఇంటికి వచ్చిన మందు సంగతి. దుకాణదారుడు పట్టీనుండి నాలుగు మాత్రలు కత్తిరించి పొట్లము కట్టును; పేరొక ముక్కన, గడువు తేదీ యింకొక ముక్కన పోవును. మిగిలిన అక్షరములును ఆంగ్లమే. తెలుగుమాత్రమే చదువగల రైతునకు అది పేరులేని మందే. పొట్లముపై తెలుగున మందుపేరు, ఎందులకో, ఎన్నిపూటలో వ్రాయుటకు అరనిమిషము చాలును. చదువురాని కూలివానికి ఉదయమునకు సూర్యుని బొమ్మ, రాత్రికి చంద్రుని బొమ్మ చాలును.

ఇందుకు కోట్ల ధనమక్కఱలేదు, కావలసినది పట్టుదల. ఆసుపత్రి అభివృద్ధి సంఘములలో మాట చెల్లు పెద్దలు, క్రొత్త భవనములకు ముందు ఈ చిన్నపనిని అడిగి చేయింపవలయును. దుకాణమున పేరులేని పొట్లమును గ్రహింపకుండుట మనయందఱి చేతిలోని పని. ఒక్క ఔషధ విక్రేత అడిగినది నేడు దేశమున నియమమైనది. రెండు జిల్లాల ప్రజలు కూడి యడిగిన కాకపోవునా?