చెప్పులు వాడే వేసుకుంటాడు

పోయిన గురువారం మా మనవడి ప్లేస్కూల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. మా అమ్మాయికి ఆఫీసు. అల్లుడు రాత్రంతా అమెరికా వాళ్ళతో మాట్లాడి తెల్లవారుజామున పడుకున్నాడు. అంచేత నేనే వెళ్ళాను. పిల్లల పెంపకం మీద మాట్లాడటానికి ఒక నిపుణురాలిని పిలిచారు. ఆవిడ తెర మీద బొమ్మలు మారుస్తూ మారుస్తూ ఒకచోట ఆగి, "ఇంట్లో మీరెంత డిసిప్లిన్ పెట్టినా గ్రాండ్‌పేరెంట్స్ గారాబంతో అంతా పాడు చేసేస్తారు. పిల్లలు వాళ్ళతో గడిపే టైం తగ్గించండి" అంది. హాలంతా నవ్వింది. వెనక వరసలో అమ్మమ్మలం, నాయనమ్మలం తొమ్మిది మందిమి ఉన్నాం. మాలో ఒకావిడ కూడా అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వేసింది. నిపుణురాలి మాట కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ మాట ఆవిడ ఒక్కతే అన్నదైతే ఇంత రాసేదాన్ని కాదు. ఇప్పుడు ఎక్కడ విన్నా ఇదే పాట. ఫోను తెరిస్తే రీల్సులో ఇదే. పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్న కోడళ్ళు ఇదే అంటారు. "మా అత్తగారి దగ్గర నెల రోజులుంటే చాలండీ, మళ్ళీ దారిలో పెట్టడానికి మూణ్ణెల్లు పడుతుంది." పిల్లాడు మొండికేస్తే అమ్మమ్మ గారాబం. అన్నం తినకపోతే అమ్మమ్మ గారాబం. మూడేళ్ళొచ్చినా మాటలు రాకపోతే అదీ అమ్మమ్మ నెత్తినే. గారాబం అంటే ఏమిటో వీళ్ళలో ఒక్కరు ఆగి ఆలోచించారా? వీళ్ళు అసలు ఏ గంటలో, ఏ పనిలో పిల్లాడు పాడైపోవడం చూశారు?

నేను చూసింది చెప్తాను. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. పొద్దున్న తొమ్మిదింపావుకి మా వాడు గుమ్మంలో కూర్చుంటాడు. మూడేళ్ళు నిండి నాలుగు నెలలు. చెప్పులకి అతుక్కునే పట్టీలుంటాయి. ముందు కుడి చెప్పు తీసి ఎడమ కాలికి పెట్టుకుంటాడు. వేళ్ళు సగం దూరి ఆగిపోతాయి. చూసుకుంటాడు. తీసేస్తాడు. రెండు చెప్పులూ పక్కపక్కన పెట్టి, వాటి పొట్టలు ఒకదానికొకటి తగిలేట్టు జరిపి, అప్పుడు కాలు దూరుస్తాడు. పట్టీ లాగేటప్పుడు నాలుక పక్కకి బయటికొస్తుంది. ఒకసారి పట్టీ మడతపడి అతుక్కోదు. మళ్ళీ లాగుతాడు. ఇదంతా అయ్యేసరికి పది నిమిషాలు, ఒక్కోరోజు పదిహేను. నేను మోకాళ్ళ నొప్పి వల్ల కింద కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడి ఉంటాను. ఎదురు ఫ్లాటాయన లిఫ్టు కోసం వచ్చి, "మీరే తొడిగేయొచ్చు కదండీ, పాపం" అంటాడు. నేను తొడగను. పట్టీ అతుక్కున్న చప్పుడు విన్నాక వాడు తలెత్తి నా వంక చూసే చూపు ఉంది చూడండి, దాని కోసం నేను గంటైనా నిలబడతాను.

నేను లేనిరోజు అమ్మాయి తీసుకెళ్తుంది. వాణ్ణి ఎత్తి కుర్చీలో కుదేసి, రెండు కాళ్ళూ పట్టుకుని అర నిమిషంలో చెప్పులు తొడిగేసి చంకనేసుకుని పరుగు. దాన్ని తప్పుపట్టను. తొమ్మిదిన్నరకి మీటింగులో కనపడకపోతే దాని ఉద్యోగానికే ముప్పు. కానీ ఈ రెండింటిలో పిల్లాణ్ణి చేతకానివాణ్ణి చేసేది ఏది? పిల్లాడి పని పిల్లాడి చేతుల్లోంచి లాక్కుని మనం చేసెయ్యడమే చెడగొట్టడమైతే, ఆ పని చేస్తున్నది తొందర. ఈ కాలం పిల్లల్ని పాడు చేస్తున్నది తొందరేనని ఆ సమావేశంలో లేచి అరవాలనిపించింది. నోరు పెగల్లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నాకు తెలియక చెప్పడం లేదు. నేనూ ఆ తొందరలో బతికినదాన్నే. నేను తపాలా శాఖలో గుమాస్తాగా చేశాను. 1990లో మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు దొరికిన ప్రసూతి సెలవు 90 రోజులు. తొంభై ఒకటో రోజున తెనాలిలో మా అమ్మ చేతుల్లో పిల్లని పెట్టి ఆఫీసుకెళ్ళాను. రవికె తడిసిపోతే కొంగు కప్పుకుని కౌంటర్లో మనియార్డర్లు రాశాను. సాయంత్రం వచ్చి పిల్లని తీసుకుంటే, దానికి నిద్రొచ్చే వేళ. ఒళ్ళో వేసుకుని త్వరగా పడుకోవే తల్లీ, రేపటికి కూర తరుక్కోవాలి అనుకున్న రాత్రులెన్నో. దాని మొదటి అడుగు నేను చూడలేదు. మా అమ్మ చూసింది. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అరిసెల పాకం వాసన వీధి దాకా వస్తోంది. ఏమిటమ్మా అంటే, "నీ కూతురు అడుగేసిందే" అంది.

ఆ అరిసెల గురించి కాస్త చెప్పాలి. బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న వరస. వీటిని ఇప్పటివాళ్ళు ఫొటోలు తీసుకునే ఫంక్షన్లుగా చూస్తున్నారు. మా అమ్మకి అవి లెక్క. ఏ నెలలో ఏ పిండివంట చెయ్యాలో ఆవిడకి తెలుసు. ఆ నెల దాటి ఆ వంట చెయ్యాల్సిన సందర్భం రాకపోతే ఆవిడకి కంటి మీద కునుకు ఉండేది కాదు. మా వీధిలో ఒకరి పిల్లాడు తొమ్మిదో నెల నిండుతున్నా కూర్చోవడం లేదని, ఇంకా కుడుములు పంచలేదని ముందు పసిగట్టింది ఆవిడే. వాళ్ళని కూచోబెట్టి చెప్పి గుంటూరు డాక్టరు దగ్గరికి పంపింది. మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. పిల్లల ఎదుగుదల పట్టిక ఆవిడ వంటింటి డబ్బాల్లో ఉంది. ఇప్పుడు దాన్నే రంగుల కాగితం మీద అచ్చేసి మా చేతుల్లో పెట్టి, మా దగ్గర పిల్లల్ని ఉంచకండి అంటారా?

అన్నం సంగతి చూడండి. గోరుముద్దలు తినిపిస్తే పిల్లలు పరాధీనులవుతారని ఆ నిపుణురాలు ఇంకో మాట అంది. మా వాడికి మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా పిసికి, బాల్కనీలో తులసి కుండీ పక్కన కూర్చుంటాను. మొదటి నాలుగు ముద్దలు వాడి చేత్తో వాడే తింటాడు. సగం కింద పడుతుంది. చీమలు వరస కడతాయి. వాటికో మెతుకు, వాడికో మెతుకు. తర్వాత నేను పెడతాను. ఒక ముద్ద బుగ్గన దాచుకుని నమలకుండా ఉంటే, పొట్ట నిండుతోందని నాకు తెలుస్తుంది. రెండో ముద్ద కూడా బుగ్గకే పోతే చెయ్యి కడిగేస్తాను. ఎంత తిన్నాడన్నది ఆ బుగ్గే చెప్తుంది. అరగంట పడుతుంది. ఆ అరగంట లేనివాళ్ళు ఏం చేస్తున్నారు? ఎదురుగా ఫోను నిలబెట్టి, వాడు బొమ్మలు చూస్తూ నోరు తెరిచిన ప్రతిసారీ ఒక ముద్ద కుక్కుతున్నారు. ఏం తింటున్నాడో, ఆకలి తీరిందో లేదో ఆ పసివాడికే తెలియదు. ఏడాది లోపు పిల్లలకి తెర అసలు చూపించొద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను చూపించి తినిపించే అమ్మమ్మలు కూడా ఉన్నారు. వాళ్ళ మీదా నాకు కోపమే. కానీ పిల్లాడు పుట్టక ముందే ఆ ఇంట్లో ఫోను ఎవరి చేతుల్లో ఉందో, పిల్లాడు ఎవర్ని చూసి దానికి చెయ్యి చాపాడో కూడా చెప్పాలి కదా.

మూఢనమ్మకాలంటారు. కొన్ని ఉన్నాయి, నిజమే. పురిటి బిడ్డకి తేనె నాకించేవాళ్ళం. ఏడాది లోపు తేనె ప్రమాదమని పిల్లల డాక్టరు చెప్పాక మానేశాను. కాటుక మానేశాను. చెప్పే పద్ధతిలో చెప్తే వినని అమ్మమ్మ నాకింతవరకు తగల్లేదు. చాక్లెట్లు పెడతారంటారు. పుట్టినరోజు పేరుతో ప్లేస్కూల్లో వారానికి రెండుసార్లు పంచేది ఏమిటి?

ఇక చట్టం. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెంచారు. మంచిపనే, నాకు 90 రోజులే దొరికాయని ఇప్పటి పిల్లలకి అంతే ఉండాలని అనను. కానీ లెక్క వేయండి. 26 వారాలంటే ఆరు నెలలు. సరిగ్గా అన్నప్రాశన నాటికి తల్లి ఆఫీసులో ఉండాలి. బిడ్డకి మొదటిసారి మెతుకు నమలడం నేర్పాల్సిన రోజులవి. పాకడం, నిలబడటం, మాట అన్నీ ఇక ముందున్నవే. అవన్నీ ఎవరి చేతుల మీదుగా జరుగుతాయి? 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా పిల్లల్ని ఉంచే చోటు ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని అదే చట్టంలో పెట్టారు. నాకు తెలిసిన ఇళ్ళలో ఒక్క ఆడపిల్ల కూడా ఆ సదుపాయం వాడుకోవడం నేను చూడలేదు. వాళ్ళందరి ఇళ్ళలోనూ ఉన్నది అమ్మమ్మో నాయనమ్మో. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా బిడ్డని మోసేది మేమైతే, మాతో గడిపే టైం తగ్గించి ఆ టైం ఎక్కణ్ణుంచి తెస్తారు?

సముద్రాలు దాటి కూడా మోస్తున్నాం. మా పెద్దమ్మాయి పురుడికి న్యూజెర్సీ వెళ్ళాను. విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా ఆరు నెలలుండనిస్తారు. అమ్మమ్మ ఆరు నెలలుండి విమానమెక్కే రోజుకి నాయనమ్మ దిగుతుంది. ఎన్ని తెలుగు కుటుంబాల్లో ఇలా బిడ్డని చేతులు మార్చుకుంటున్నారో! కిటికీ బయట మోకాలి లోతు మంచు. భాష రాదు, కారు రాదు. ఇంట్లోంచి కాలు బయటపెట్టకుండా నేను నాలుగు నెలలున్నాను. ఆ చలిలో గది తలుపులన్నీ వేసి, కాళ్ళు చాపి, వాటి మీద పసిదాన్ని పడుకోబెట్టి, నువ్వుల నూనె మర్దనా చేసి నలుగు పెట్టి నీళ్ళు పోసేదాన్ని. ఒళ్ళు తుడిచాక ఒక్క నిట్టూర్పు విడిచి మూడు గంటలు నిద్రపోయేది. ఆ మూడు గంటలూ మా అమ్మాయి నిద్రపోయేది. ఆ ఇంటికి నేను చేసిన గొప్ప పని అదే. దాన్ని ఎవరో "మంచి కాలక్షేపం" అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పైవాళ్ళు చెప్తేనే నమ్ముతామంటే అదీ ఉంది. టాంజానియాలో హడ్జా అని ఒక తెగ. వేటాడి, దుంపలు తవ్వుకుని బతుకుతారు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టెన్ హాక్స్ తన తోటివాళ్ళతో కలిసి వాళ్ళ తిండీ తిప్పలూ కొలిచి చూసింది. తల్లి కొత్త బిడ్డకి పాలిస్తున్న రోజుల్లో, పాలు మానిన పెద్ద పిల్లల ఎదుగుదల అమ్మమ్మలు తవ్వి తెచ్చే దుంపల మీద ఆధారపడి ఉందని తేలింది. మనిషి జాతిలో ఆడవాళ్ళు కాన్పులు ఆగిపోయాక కూడా ఇన్నేళ్ళు బతకడానికి ఇదే కారణమై ఉండొచ్చని వాళ్ళ వాదం. గాంబియా పల్లెల్లో రెబెక్కా సియర్, రూత్ మేస్ చేసిన పరిశీలనలోనూ తల్లికి తల్లి బతికున్న ఇళ్ళలో పసిపిల్లలు ఎక్కువగా బతికారని కనిపించింది. బిడ్డల్ని బతికించినవాళ్ళం మేము. మా మీద జోకులా?

మనవల్ని పెంచడంలో ఆనందం లేదని అనడం లేదు. ఆనందం లేకపోతే అరవై ఐదేళ్ళ మోకాళ్ళతో ఎవరు నిలబడతారు? మొన్న వర్షం పడుతుంటే మా వాడు కిటికీ ఊచలు పట్టుకుని, "అమ్మమ్మా, వానకి చెప్పులు లేవు" అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఇంట్లో అందరికీ చెప్పాను. నా ఉద్యోగం రోజుల్లో నా కూతురు ఇలాంటి మాటలు ఎన్ని అందో, మా అమ్మ ఒక్కతే వింది. నేను వినలేదు. ఆ లోటు నాకు ఇప్పుడు తీరుతోంది. ఆ ఆనందం పని పక్కన పెట్టుకుని తినే మిఠాయి కాదు, ఆ అరగంట అన్నంలోనే, ఆ పదిహేను నిమిషాల చెప్పుల్లోనే ఉంది.

ఏం చెయ్యమంటావు అని అడుగుతారు. నా దగ్గర పెద్ద పథకమేం లేదు. ఆఫీసులు పొద్దుటి గంటని కాస్త వదులు చేస్తే తల్లులూ గుమ్మంలో నిలబడగలుగుతారు. తండ్రులూ నిలబడాలి. వాళ్ళ పేరు ఈ చర్చలో ఎవరూ ఎత్తరు. సమావేశాలకి మమ్మల్ని పిలిస్తే మాట్లాడనివ్వాలి. మా వాడి స్కూలు దరఖాస్తులో తండ్రి ఫోను, తల్లి ఫోను రాయడానికి గడులున్నాయి. రోజూ తీసుకెళ్ళి తీసుకొచ్చే నాకు ఉన్నది మెళ్ళో వేసుకునే ఎస్కార్ట్ కార్డు ఒక్కటే.

వచ్చే నెల రెండో గురువారం పదింటికి మళ్ళీ సమావేశమని డైరీలో రాసి పంపారు. అమ్మాయితో చెప్పాను, నేనే వెళ్తానని. ఆ రోజు నవ్విన ఆవిడ ఇల్లు తెలుసుకున్నాను, రెండు వీధుల అవతల. ఆవిణ్ణీ తీసుకెళ్తాను. ఇద్దరం ముందు వరసలో కూర్చుంటాం. ఆరోజు కూడా మా వాడి చెప్పులు వాడే వేసుకుంటాడు. వాడు వేసుకున్నాకే బయల్దేరతాం.