బాలింత కంచంలో ఏముందో అడగండి

ఆంధ్రప్రదేశ్ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ సంచాలకులకు,

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా గోదావరి జిల్లాల్లో వరికి కొదవ లేకుండా పోయింది. తర్వాత మిల్లులొచ్చాయి, మల్లెపువ్వులాంటి అన్నమొచ్చింది. 1941లో ఐక్రాయిడ్, కృష్ణన్ అనే శాస్త్రజ్ఞులు మద్రాసు ప్రెసిడెన్సీలోని బెరిబెరి (బి1 విటమిను లోపంతో వచ్చే జబ్బు) ప్రాంతంలో పసిబిడ్డల చావుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఆ ప్రాంతం మన కోస్తా సర్కారులే. దక్షిణాన ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఆ జబ్బు అంతగా లేదు. వడ్లు ఉడకబెడితే తవుడులోని బి1 విటమిను గింజలోకి దిగుతుంది. పచ్చి బియ్యానికి పాలిష్ పడితే తవుడుతోపాటే పోతుంది. మిగిలిన కాస్తా కడుగు నీళ్లలోనూ, వార్చిన గంజిలోనూ పోతుంది. తల్లి ఒంట్లో లేనిది చనుబాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? చూడ్డానికి బొద్దుగా ఉన్న మూణ్ణెల్ల బిడ్డ కూడా గుండె చేతకాక పోయేది.

పాత కథే అయినా పథ్యం మాత్రం పాతబడలేదు. ఇప్పటికీ చాలా ఇళ్లలో బాలింతకు తెల్లన్నం, కారప్పొడి, వెల్లుల్లి. పప్పు తింటే కుట్లు చీము పడతాయంటారు, ఆకుకూర బిడ్డకు పడదంటారు. అనపర్తి, మండపేట కోళ్ల ఫారాల గుడ్లు లారీలెక్కి ఒడిశా, బెంగాల్ దాకా పోతాయి, పక్క వీధి బాలింత కంచంలోకి మాత్రం రావు.

రేషన్లో పంచిన బలవర్ధక బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపారు. బి1 కలపలేదు. పైగా ఆ బలవర్ధక గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లూ ఉన్నారు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో 31.4. కదలిక అంతే! 6 నెలలు దాటిన పిల్లల్లో రక్తహీనత 58.6 నుంచి 63.2 శాతానికి పెరిగింది. అదే సర్వే ప్రకారం కాన్పుల్లో 96.5 శాతం ఆసుపత్రుల్లోనే. అంటే పథ్యం నిర్ణయించే అమ్మమ్మ, నాయనమ్మ మంచం పక్కనే దొరుకుతారు. అక్కడ వాళ్లతో మాట్లాడించండి, బాలింతతో కాదు.

తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి నాలుగైదు నెలలుంటారు. పేరేమో అత్తవారి ఊరి అంగన్‌వాడీలో. ఆ నాలుగైదు నెలలూ పుట్టింటి ఊరి కార్యకర్త ఆ గడప తొక్కాలని ఉత్తర్వివ్వండి. బిడ్డను తూచే ముందు తల్లి నిన్న ఏం తిన్నదో అడిగి రాయమనండి. బలవర్ధక బియ్యంలో బి1 చేర్చమని కేంద్రానికి మీ శాఖ నుంచి ఒక లేఖ పంపండి.

భవదీయుడు,
గోదావరి జిల్లా వాసి ఒకడు