కాలు కాదు... కేబుల్!

‘మోకాలు పట్టేస్తోంది. ఇక కారు నడపలేనేమో!’

రిటైరైన మాస్టారు మా నాన్న ఏడాదిగా లోలోపలే అనుకుంటున్న మాట ఇది. మాతో మాత్రం అనలేదు. అంటే కారు అమ్మేయమంటామని భయం. రోజూ రాత్రి గుట్టుచప్పుడు కాకుండా మోకాలికి నొప్పుల తైలం రాసుకునేవారు.

ఆ కారు 1987 మోడల్ మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ చిన్నకారు ఎన్ని ఇళ్లకు తొలికారో! మాకూ అంతే. తాతయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లిందీ, అక్కను అత్తారింట్లో దింపిందీ అదే. పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తూ నాన్న దాన్ని కాపాడుకుంటూ వస్తున్నారు.

2024 దసరా వెళ్లిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూద్దామని రాజాం నుంచి విజయనగరం బయల్దేరాం. నాన్నే నడుపుతున్నారు. చీపురుపల్లి, గరివిడి దాటాం. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. నాన్న క్లచ్ తొక్కారు. ‘టప్’మని చప్పుడు. పెడల్ కాస్తా నేలకు అంటుకుపోయింది! బ్రేకు గట్టిగా తొక్కేసరికి ఇంజిన్ ఆగిపోయి, లారీకి రెండడుగుల దూరంలో కారు నిలిచింది. వెనకసీట్లో అమ్మ ‘తల్లీ పైడితల్లీ’ అంటూ కళ్లు మూసుకుంది.

కారును తోసి రోడ్డు పక్కన పెట్టాం. దగ్గర్లోని షెడ్డు నుంచి మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు. ‘క్లచ్ తీగ తెగిపోనాది బాబూ’ అన్నాడు.

సైకిల్ బ్రేకు తీగ చూశారుగా, ఇదీ అలాంటిదే. సన్నని ఉక్కు పోగులు పేనిన తాడు. ఒక కొస పెడల్‌కి, రెండో కొస గేరుబాక్సు మీదుండే మీటకి తగిలించి ఉంటుంది. పెడల్ తొక్కితే తీగ ఆ మీటను లాగుతుంది. అప్పుడు ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య లంకె విడిపోతుంది. తీగ తెగితే ఆ లంకె విడిపోదు.

విజయనగరంలో ఉన్న బావకు ఫోన్ చేస్తే కొత్త కేబుల్ కొని బైక్ మీద తెచ్చాడు. మెకానిక్ పాత తీగ బయటకు లాగి నాన్న చేతికిచ్చాడు. ‘సూడండి మాస్టారూ, ఇది ఇయ్యాల తెగింది కాదండి. ఒక్కో పోగూ తెగుతూ వచ్చినాది. పెడల్ గట్టిబడిపోనాదని మీకు తెలీనేదా?’ అని అడిగాడు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘తెలిసింది. నా మోకాలే అనుకున్నాను’ అన్నారు మెల్లగా. అప్పుడు తెలిసింది మాకు, ఆ తైలం సంగతి!

కొత్త కేబుల్‌ని పాతదాని పక్కన పెట్టి పొడవూ, చివర్లూ సరిచూశాడతను. మోడల్‌ని బట్టి తేడా ఉంటుందట. పాత దారిలోనే, ఎక్కడా మెలిక పడకుండా తీగ దూర్చి, పెడల్ కొక్కేనికి తగిలించి, రెండో కొసన నట్టు బిగించాడు. అసలు ఒడుపంతా ఆ నట్టు దగ్గరే ఉంది. తొక్కగానే మొదటి రెండు సెంటీమీటర్లూ పెడల్ తేలిగ్గా దిగాలి. ఆ ఖాళీ లేకుండా బిగిస్తే క్లచ్ ప్లేటు జారి, అరిగి, మాడు వాసన వస్తుంది. మరీ వదులైతే గేరు మార్చేటప్పుడు గరగరమంటుంది. పని ముక్కాలు గంటలో అయిపోయింది.

మీ ఇంట్లో పాతకారు ఉందా? పెడల్ రానురానూ బరువెక్కుతున్నా, తొక్కాక తిరిగి పైకి రావడానికి మొరాయిస్తున్నా, రివర్స్ గేరు గరగరమంటున్నా వెంటనే కేబుల్ చూపించండి. తీగ సాధారణంగా కొసల దగ్గరే పోగులు విడుతుంది. ముందే మార్చితే చిన్న ఖర్చు. రద్దీ కూడలిలో తెగితే... ఆ లారీ తలచుకుంటే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నాన్న సీట్లో కూర్చుని క్లచ్ తొక్కారు. మళ్లీ తొక్కారు. మూడోసారి తొక్కి, మావైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వారు. సిరిమాను కదిలే వేళకు విజయనగరం చేరాం.

ఇప్పుడు మా డిక్కీలో ఒక కొత్త కేబుల్ ఎప్పుడూ ఉంటుంది. పెద్దవాళ్లు ‘నావల్ల కావట్లేదు’ అంటే వయసు మీదకు నెట్టేయకండి. ఒక్కసారి బండి కూడా చూడండి!