ఆటల పెట్టెలో పెళ్ళి డిస్కు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద ఇన్వర్టరు బ్యాటరీల పోషణను గురించి వ్రాసిన తరువాత మాకు అందిన ఉత్తరాలలో ఒకటి జంగ్లీఘాట్ నుండి వచ్చినది. మన సంస్థలో చిరకాలం పనిచేసి, విశ్రాంతి జీవితం గడుపుతూ నాలుగేళ్ళ క్రిందట స్వర్గస్థులైన ఒక పెద్దాయన మనుమడు దానిని వ్రాశాడు. తన ప్లేస్టేషన్ 5 ఆటల యంత్రంలో సినిమా డిస్కులు కూడా వేసి చూడవచ్చునని చెప్పగానే అమ్మమ్మ తన ట్రంకుపెట్టెలోని డిస్కులన్నీ తెచ్చి ముందు పోసిందట. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని నడవడం లేదు. "నడవనివే అమ్మమ్మకు కావలసినవి. యంత్రం పాడయిందా? డిస్కులు పాడయ్యాయా?" అని ప్రశ్న.

ఇటువంటి ప్రశ్నకు ఉత్తరం ద్వారా సమాధానం చెప్పడం కంటే వెళ్ళి చూడడమే మేలని తోచి, ఒక ఆదివారం వెళ్ళాము. 2024లో మన పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయ పురం అయినది గాని, జంగ్లీఘాట్ జంగ్లీఘాట్‌గానే ఉన్నది. చేపల రేవు, పడవల మోటార్ల చప్పుడు, సందు సందునా వినిపించే శ్రీకాకుళం యాస. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మంది. జంగ్లీఘాట్‌లో ఒక గంటసేపు తిరిగినవారికి ఆ లెక్క చాలా తక్కువగా అనిపిస్తుంది.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆ తల్లి అడిగిన మొదటి మాట ఇది: "మావోడు ఆడుకునే ఆ పెట్టిలో నా కూతురి పెళ్ళి కూడా అవుపిస్తాదంటన్నాడు. నిజమేనేటి బాబూ?"

డిస్కులను చాప మీద పరచి మూడు కుప్పలుగా వేరు చేశాము. మొదటి కుప్పలో డీవీడీలు, ఎక్కువగా సినిమాలు. వాటిలో మోసర్ బేర్ సంస్థ 2007 ప్రాంతాలలో 34 రూపాయలకు అమ్మిన డీవీడీలు కొన్ని ఉన్నాయి. అప్పట్లో విశాఖకు వెళ్ళివచ్చే ఓడలో ఎవరి సంచి చూసినా అవే. రెండవ కుప్పలో బ్లూరే డిస్కులు నాలుగు. మూడవ కుప్పలో వీసీడీలు. వాటిలో మూడింటి మీద మార్కరుతో "పెళ్ళి 1", "పెళ్ళి 2", "పెళ్ళి 3" అని వ్రాసి ఉన్నది. 2003లో స్వగ్రామంలో జరిగిన పెళ్ళి అది. పెళ్ళికూతురు ఈ కుర్రవాని తల్లి.

మొదటి రెండు కుప్పలూ యంత్రంలో చక్కగా నడిచాయి. మూడవ కుప్పలోని ఒక్క డిస్కునూ అది గుర్తించలేదు. ఇందులో యంత్రం తప్పూ లేదు, డిస్కుల తప్పూ లేదు. కారణం తెలియాలంటే ఆటల యంత్రాలకూ డిస్కులకూ గల సంబంధాన్ని కొంచెం వెనుకనుండి చెప్పుకోవాలి.

1994 డిసెంబరులో జపానులో విడుదలైన మొదటి ప్లేస్టేషన్, ఆటలతో పాటు పాటల సీడీలను కూడా వినిపించేది. మన వంటి వీసీడీ ప్రియులున్న ఆసియా విపణి కోసం సోనీ సంస్థ వీసీడీలు నడిపే ఒక తెల్లని నమూనాను కూడా ప్రత్యేకంగా తయారు చేసింది. మా మిత్రురాలి పెళ్ళి డిస్కులను నేరుగా చూపగలిగిన ప్లేస్టేషన్ ఆ తెల్లనిది. అది ఇప్పుడు దొరికేది పాత వస్తువులు సేకరించేవారి అలమరలలోనే.

2000 మార్చి 4న ప్లేస్టేషన్ 2 వచ్చింది. ఆట కోసం కొన్న పెట్టె ఇంటి డీవీడీ ప్లేయరు కూడా కావడం దానితోనే పెద్ద ఎత్తున మొదలైనది. ధర జపానులో 39,800 యెన్‌లు. విడి డీవీడీ ప్లేయర్లు ఇంకా ఖరీదైన వస్తువులుగా ఉన్న రోజులు గనుక ఆటల మీద ఆసక్తి లేనివారు కూడా సినిమాల కోసం దానిని కొన్నారు. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్‌లో డీవీడీ చూడాలంటే రిమోటు సామగ్రిని విడిగా కొనవలసి వచ్చేది. డీవీడీ లైసెన్సు రుసుమును అందరి నెత్తినా వేయకుండా, చూడదలచినవారి వద్దనే రాబట్టే ఏర్పాటు అది. నిన్‌టెండో వారి గేమ్‌క్యూబ్ అయితే సినిమా జోలికే పోలేదు.

2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3 కథ మరింత ఆసక్తికరం. ఆ సంవత్సరం మధ్యలో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి బ్లూరే ప్లేయరు ధర 999 డాలర్లు. బ్లూరేను చదివే ప్లేస్టేషన్ 3 ధర 499 డాలర్ల నుండి మొదలైనది. యంత్రం మీద నష్టం భరించి, ఆ నష్టాన్ని ఆటల అమ్మకంలో పూడ్చుకునే వ్యాపార పద్ధతి వల్ల సినిమా చూసేవాడికి కలిగిన లాభమిది. బ్లూరేకు పోటీగా తోషిబా నిలిపిన హెచ్‌డీ డీవీడీ 2008 ఫిబ్రవరిలో రంగం విడిచి వెళ్ళడానికి, అప్పటికే లక్షల ఇళ్ళలో కూర్చున్న ఈ ఆటల పెట్టె కూడా ఒక కారణం.

ఇక్కడే గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆటల యంత్రానికి డిస్కు ప్లేయరు పని ఉపవృత్తి. యజమానికి లాభమున్నంత కాలం ఆ ఉపవృత్తి సాగుతుంది. ప్లేస్టేషన్ 2 పాటల సీడీలను వినిపించేది, వీసీడీని మాత్రం నడపదు. ప్లేస్టేషన్ 3 అంతే. 2013 నాటి ప్లేస్టేషన్ 4, 2020 నాటి ప్లేస్టేషన్ 5 సీడీ జాతి డిస్కులనే చదవవు. సీడీని చదవడానికి 780 నానోమీటర్ల పరారుణ లేసరు కావాలి. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రని కాంతి, బ్లూరేకు 405 నానోమీటర్ల నీలి ఊదా కాంతి. చూడడానికి మూడు డిస్కులూ ఒకే కొలతలో, ఒకే మెరుపుతో ఉంటాయి గనుక ఒక పెట్టెలో దూరినది మూడింటినీ చదువుతుందని మనం భ్రమపడతాము. వీసీడీ చూపులకు డీవీడీ చెల్లెలే గాని, పుట్టుకతో సీడీ బిడ్డ.

ఈ మాట మేము చెప్పగా ఆ తల్లి ముఖం చిన్నబోయినది. పాత వీసీడీ ప్లేయరు ఏమైనదని అడిగాము. ఉప్పుగాలికి తుప్పు పట్టి, రెండు వానకాలాల క్రిందట తీసివేశారట.

సరే, ఉపాయం లేకపోలేదు. వీసీడీలో బొమ్మ మామూలు కంప్యూటరు ఫైలు రూపంలోనే ఉంటుంది. డిస్కును కంప్యూటరుకు తగిలించిన డీవీడీ డ్రైవులో పెడితే అందులో ఎంపెగ్ఏవీ అనే సంచిక కనబడుతుంది. దానిలో డాట్ అనే తోకపేరు గల పెద్ద ఫైలే మన పెళ్ళి. దానిని కంప్యూటరులోకి నకలు తీసి, వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయరులో చూసుకోవచ్చు. ఎంపీ4 రూపంలోకి మార్చి పెన్‌డ్రైవులో వేస్తే నేటి టీవీలలో అధిక భాగం నేరుగా చూపిస్తాయి. ఒక్కొక్క వీసీడీలో పట్టేది సుమారు 74 నిమిషాలు, బొమ్మ కొలత 352 చుక్కలు అడ్డం, 288 నిలువు. పెద్ద టీవీ మీద మసకగా కనిపిస్తుందని ముందే చెప్పి ఉంచడం మంచిది. లేకపోతే నకలు తీసినవాడి మీద నింద పడుతుంది.

ఈ పనిని "వచ్చే సెలవులలో చేద్దాం" అని వాయిదా వేయవద్దని మా మనవి. పెళ్ళి వీడియోల వారు ఇచ్చినవి ఇంట్లో రాసే తరహా డిస్కులు. వాటిలో సమాచారం రంగు పూతలో నిలిచి ఉంటుంది. ఎండ, వేడి, తేమ ఆ పూతకు శత్రువులు. పైగా సీడీలో సమాచారపు పొర ఉండేది మనం భద్రంగా చూసుకునే మెరిసే వైపున కాదు, లేబులు వైపున, పలుచని లక్క పూత క్రింద. బాల్‌పెన్నుతో గట్టిగా పేరు వ్రాస్తే ఆ పొరకే గాయం. ఇక బూజు సంగతి. మధ్య అమెరికాలోని బెలీజ్ నుండి వచ్చిన ఒక సీడీ పొరను శిలీంధ్రం తినివేసినట్లు స్పెయిన్ శాస్త్రజ్ఞులు 2001లో వెల్లడించారు. బెలీజ్ కూడా మన దీవుల వంటి ఉక్కపోత ప్రదేశమే.

మా కార్యాలయ మిత్రుని పాత కంప్యూటరును ఆ మధ్యాహ్నమే ఆటోలో తెచ్చి పని మొదలుపెట్టాము. నకలు సాగుతున్నంతసేపూ మనుమడు తన యంత్రాన్ని గురించి మమ్మల్ని అడుగుతూనే ఉన్నాడు. సినిమాలకు దీనిని వాడుకోవడం మంచిదేనా అని వాడి సందేహం. మంచిదే. ఇప్పటికే ఇంట్లో ఉన్నదైతే విడి బ్లూరే ప్లేయరు కొనవలసిన పని లేదు. 4కె బ్లూరే డిస్కులను కూడా ప్లేస్టేషన్ 5 చూపిస్తుంది. అయితే త్రీడీ బ్లూరేలను చూపదు, డాల్బీ విజన్ అనే రంగుల పద్ధతి దీనిలో లేదు. హోమ్ థియేటరు రిసీవరు ఉన్నవారు డిస్కు శబ్దాన్ని బిట్‌స్ట్రీమ్ పద్ధతిలో పంపేట్లు అమర్చుకుంటే, శబ్దాన్ని విడదీసే పని రిసీవరే చూసుకుంటుంది.

సినిమాల కోసమే కొనదలచినవారికి మాత్రం మా సలహా వేరు. కొనే ముందు పెట్టెకు డిస్కు పెట్టే చీలిక ఉన్నదో లేదో చూడండి. చవకగా వచ్చే డిజిటల్ రకానికి అది ఉండదు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కూ ఉండదు, సిరీస్ ఎక్స్‌లో డ్రైవు గల రకం చూసి తీసుకోవాలి. 2023లో వచ్చిన సన్నని ప్లేస్టేషన్ 5కు డ్రైవును విడిగా తగిలించవచ్చు గాని, తగిలించిన మొదటిసారి ఇంటర్నెట్ ద్వారా దానిని నమోదు చేయాలి. ఎక్స్‌బాక్స్‌లో బ్లూరే చూపే అప్లికేషనును కూడా ముందుగా ఇంటర్నెట్ నుండే దించుకోవాలి. ప్లేస్టేషన్ 4లోనూ డిస్కు సినిమాలకు మొదట ఒకసారి ఇంటర్నెట్ తగలాల్సిందే. చేతిలో డిస్కు, ఎదుట యంత్రం, అయినా దూరాన ఉన్నవారి అనుమతి! 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు ప్రారంభమయ్యే వరకు ఉపగ్రహం మీద ఆధారపడిన మన ఇంటర్నెట్‌తో ఈ అనుమతి ఎంత ఓపికను కోరేదో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

అమెరికా నుండో గల్ఫ్ నుండో బంధువులు యంత్రాన్ని తెచ్చి ఇస్తే ప్రాంతపు సంఖ్యను కూడా చూసుకోవాలి. డీవీడీలకు మన దేశం 5వ ప్రాంతం, బ్లూరేలకు సి ప్రాంతం. అమెరికా పెట్టెలకు 1, ఎ. గల్ఫ్ వాటికి 2, బి. మన తెలుగు డీవీడీలు చాలావరకు అన్ని ప్రాంతాలలోనూ నడిచేవే గనుక చిక్కు తరచుగా రాదు, వచ్చినప్పుడు పరిష్కారమూ ఉండదు. 4కె బ్లూరే డిస్కులకు ఈ బెడద లేదు.

కరెంటు సంగతి ఎలాగూ మన ఇళ్ళలో మొదటి ప్రశ్న. ఆట ఆడేటప్పుడు ప్లేస్టేషన్ 5 సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. సినిమాకు అంత అక్కరలేదు గాని, విడి ప్లేయరుతో పోల్చితే ఎక్కువే. డీజిల్ జనరేటర్ల మీద నడిచే మన కరెంటు హఠాత్తుగా పోతే ఆటల యంత్రం నొచ్చుకుంటుంది. చిన్న యూపీఎస్ ఒకటి ఉండాలి. రేవు వైపు కిటికీ ప్రక్కన దానిని పెట్టవద్దు. లోపలి పంకా గాలితో పాటు ఉప్పునూ పీల్చుకుంటుంది.

పెద్దవారున్న ఇళ్ళలో మరొక అవసరం రిమోటు. ఆటల కంట్రోలరును ఆ తల్లి చేతిలో పెట్టి చూశాము. అటూ ఇటూ త్రిప్పి, "ఇది పీత డెక్కలాగ ఉంది" అని తిరిగి ఇచ్చేశారు. ప్లేస్టేషన్ 5కు విడిగా అమ్మే మీడియా రిమోటు ఉన్నది. బ్లూటూత్‌తో యంత్రానికి కలుస్తుంది. ఇంటి పెద్దలు కూడా చూసే పెట్టె అయితే ఆ ఖర్చును దండగ అనుకోవద్దు.

సాయంత్రం నాలుగింటికి "పెళ్ళి 1", "పెళ్ళి 2" పూర్తిగా నకలైనాయి. "పెళ్ళి 3" లేబులు వైపు అంచున గోరంత తెల్లని మచ్చ ఉన్నది. మెత్తని గుడ్డతో క్రింది వైపును మధ్య నుండి అంచుకు తుడిచాము. గుండ్రంగా తుడిస్తే గీత పడిన చోట వరుసగా సమాచారం పోతుంది గనుక అలా చేయరాదు. డ్రైవు చాలాసేపు మూలిగి, కొంత చదివి, ఆగిపోయినది.

చదివిన మేరకు టీవీ మీద వేసి చూశాము. అప్పగింతలు. కెమెరా అంటే ఎప్పుడూ ముఖం తిప్పుకునే మన పెద్దాయన వియ్యంకుని చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. "బావగారూ, మా పిల్ల" అన్నారు. అక్కడ బొమ్మ గడులు గడులుగా విరిగి నిలిచిపోయినది. మిగిలినది పదకొండు నిమిషాలు.

ఆమె చాలాసేపు ఆ నిలిచిపోయిన బొమ్మనే చూశారు. మనుమడు లేచి టీవీ శబ్దం పెంచాడు, అక్కడ వినడానికి ఏమీ లేకపోయినా. "ఆ తరవాత ఏటన్నారో నాకు తెలుసు బాబూ. అయినా ఆ గొంతుతో ఇనాలనుంది" అన్నారామె.

ఒక డ్రైవు చదవలేని డిస్కును మరొక డ్రైవు తక్కువ వేగంతో చదవడం కద్దు. ఆ డిస్కును ఎండ తగలని పెట్టెలో నిలువుగా ఉంచి, వచ్చే నెల విశాఖకు వెళ్ళే సహోద్యోగి చేతికి ఇచ్చాము. అక్కడ రెండు మూడు డ్రైవులలో వేసి చూస్తామన్నారు. ఫలితం ఏమైనదీ వచ్చే సంచికలో తెలియజేస్తాము.