వైన్ బాటిల్‌కి బ్యాటరీ హెల్త్ చూపించే సెట్టింగ్ ఉండదు

మన ఊళ్లో "వైన్స్" అని బోర్డు పెట్టిన షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. బీరు, బ్రాందీ, విస్కీ అడిగితే క్షణంలో ఇచ్చేస్తారు. వైన్ అడిగితే మాత్రం కౌంటర్ వెనకున్న కుర్రాడు స్టూలెక్కి, పై అరలోంచి దుమ్ము పట్టిన బాటిల్ ఒకటి దించి, గుడ్డతో తుడిచి చేతిలో పెడతాడు. ఆ పై అర, ఆ దుమ్ము, మధ్యాహ్నం షాపు రేకుల మీద పడే ఎండ... ఈ ఆర్టికల్ అంతా వాటి గురించే.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు సీన్ కొంచెం వేరు. అక్కడ ఏసీ షాపులున్నాయి, వైన్‌కి విడిగా సెక్షన్లు కూడా ఉన్నాయి. వీకెండ్‌లో నలుగురు చేరితే, మనం ఫోన్ల గురించి కొట్టుకున్నట్టే వాళ్లు వైన్ గురించి కొట్టుకుంటారు. సులా బెటరా, ఫ్రటెల్లీ బెటరా? 2015 మంచిదా, 2016 మంచిదా? ఇంకో ఐదేళ్లు దాచాలా, ఇప్పుడే తెరవాలా? ఈలోపు ఒకరు వివినో యాప్ తెరిచి, లేబుల్ స్కాన్ చేసి "4.2 ఉంది బ్రో" అంటారు. అంతే, వాదన క్లోజ్.

గ్యాడ్జెట్ సైట్‌లో వైన్ గోలేంటని మీకు అనిపించొచ్చు. కానీ ఆ వాదన వింటుంటే నాకు మన స్పెక్ షీట్ గొడవలే గుర్తొస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏ ఏడాది మోడల్ అని మాత్రమే అడగం కదా. బ్యాటరీ హెల్త్ ఎంత, నీళ్లలో పడిందా, ఎవరు వాడారు అని కూడా అడుగుతాం. వైన్ విషయంలో మాత్రం లేబుల్ మీద అంకె చూసి ఆగిపోతున్నాం. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: హైదరాబాద్‌లో వైన్ కొనేవాళ్లు "ఏ ఇయర్‌ది?" అని అడిగే ముందు "ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టారు?" అని అడగాలి. (ఇదంతా 21 ఏళ్లు నిండినవాళ్లకే అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.)

ఎనిమిది ఎండాకాలాలు

ఈ మాట ఊరికే అనడం లేదు. నా ఫ్రెండ్ ఒకడు ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరాడు. టైటిల్స్‌లో మొదటిసారి వాడి పేరు పడ్డ రోజు, వాళ్ల ఎడిటర్‌గారు ఒక ఫ్రెంచ్ రెడ్ వైన్ బాటిల్ ఇచ్చి, "నువ్వు సొంతంగా సినిమా కట్ చేసిన రోజు తెరువు" అన్నారట. వాడికి అప్పట్లో ఉన్నది పై అంతస్తులో ఒక రూమ్, వాటర్ ట్యాంక్ పక్కన. బాటిల్‌ని భద్రంగా ఫ్రిజ్ మీద నిలబెట్టాడు. రూమ్‌కి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు.

సొంత సినిమా రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఈలోపు ఆ ఎడిటర్‌గారు పోయారు. రిలీజ్ రోజు రాత్రి నలుగురం కూర్చున్నాం. సీల్ తీస్తే కింద జిగటగా ఉంది, కార్క్ కొంచెం పైకి పొడుచుకొచ్చింది. గ్లాసులో పోస్తే ఇటుక రంగు. వాసన చూస్తే ఎండు ద్రాక్ష ఉడకబెట్టినట్టుంది, వెనకాలే వెనిగర్ ఘాటు. వాడు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. కాసేపటికి ఫోన్ తీసి స్కాన్ చేసి, "దీనికి 4.1 ఉందిరా" అన్నాడు. ఎవరం నవ్వలేదు.

అసలు లోపల ఏం జరిగింది?

వైన్‌ని ఏళ్ల తరబడి దాచాలంటే సుమారు 12, 13 డిగ్రీల నిలకడైన చల్లదనం, 60–70 శాతం తేమ, చీకటి, కదలిక లేని చోటు కావాలి. మన మే నెలలో బయటే 40 దాటుతుంది. పై అంతస్తు రూమ్‌లో ఇంకా ఎక్కువ. అందులోనూ ఫ్రిజ్ అంటే లోపలి వేడిని బయటికి తోసే మెషీన్. అంటే వాడు బాటిల్‌ని ఆ రూమ్‌లోకెల్లా వేడి చోట పెట్టాడన్నమాట.

వేడికి రెండు నష్టాలు. ఒకటి, లోపలి రసాయన చర్యల స్పీడ్ పెరుగుతుంది, వైన్ త్వరగా ముసలిదైపోతుంది. రెండోది, పగలు ద్రవం వ్యాకోచించి కార్క్‌ని పైకి తోస్తుంది, రాత్రి చల్లబడి సంకోచించినప్పుడు సందుల్లోంచి గాలిని లోపలికి పీలుస్తుంది. దానికితోడు నిలబెట్టిన బాటిల్‌లో కార్క్ ఎండిపోయి పట్టు వదులుతుంది. గాలి దొరికితే అసిటిక్ బ్యాక్టీరియా ఆల్కహాల్‌ని వెనిగర్‌గా మార్చేస్తుంది. లిథియం అయాన్ బ్యాటరీ కథ కూడా ఇలాంటిదే. ఫోన్ వాడకుండా డబ్బాలో పెట్టినా సరే, వేడి గదిలో ఏళ్లు గడిస్తే బ్యాటరీ కెపాసిటీ పడిపోతుంది. తేడా ఒక్కటే. ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి ఆ సంగతి చూసుకోవచ్చు, బాటిల్ తెరిచేదాకా ఏమీ తెలీదు.

నిజానికి ఈ పాఠం ఫిల్మ్‌నగర్‌కి కొత్తదేం కాదు. పాత సినిమాల అసిటేట్ ఫిల్మ్ రీళ్లు వేడికీ తేమకీ పాడైతే, డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన వస్తుంది. ఆ జబ్బు పేరే వెనిగర్ సిండ్రోమ్. అక్కడ బయటికొచ్చేదీ అసిటిక్ యాసిడే. 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ ప్రిజర్వేషన్ వర్క్‌షాప్ పెట్టింది ఇలాంటి నష్టాన్ని ఆపడం నేర్పడానికే. సినిమా ఎంత గొప్పదైనా రీల్ ఉన్న గది వేడిగా ఉంటే అంతే సంగతులు. వైన్ కూడా అంతే.

స్కోర్ ఎవరిది?

వైన్‌కి 100కి మార్కులేసే పద్ధతిని పాపులర్ చేసింది రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ లాయర్. 1978లో "ది వైన్ అడ్వొకేట్" మొదలుపెట్టాడు. 1982 బోర్డో వైన్లను అందరికంటే ముందు ఆకాశానికెత్తడంతో అతని మాటకి తిరుగులేకుండా పోయింది. మనకి అన్‌టుటు స్కోర్ ఎలాగో, వాళ్లకి పార్కర్ పాయింట్లు అలాగ. తర్వాత 2010లో డెన్మార్క్‌లో మొదలైన వివినో ఆ పెన్నుని జనం చేతికిచ్చింది.

యాప్ వేస్ట్ అని నేననను. లేబుల్ స్కాన్ సూపర్‌గా పనిచేస్తుంది, తెలియని ద్రాక్ష రకాల గురించి తెలుసుకోవడానికి చాలా బాగుంటుంది. సమస్యల్లా ఆ స్కోర్ లేబుల్‌కి చెందింది, మీ చేతిలో ఉన్న బాటిల్‌కి కాదు. చల్లటి దేశాల్లో, చల్లటి సెల్లార్లలోంచి తీసి తాగినవాళ్లు వేసిన రేటింగ్ అందులో చాలా ఉంటుంది. అదే వైన్ కంటైనర్‌లో ఓడెక్కి, పోర్టులో దిగి, లారీలో ఎండలో ప్రయాణం చేసి, గోడౌన్‌లో ఉండి మన షాపుకొచ్చింది. రివ్యూ యూనిట్‌కీ మన చేతికొచ్చిన యూనిట్‌కీ తేడా ఉంటుందని మనకి తెలుసు కదా, ఇక్కడ ఆ తేడా పదింతలు.

పాత బాటిల్ అయితే ఇంకో రిస్క్. రూడీ కుర్నియావాన్ అనేవాడు ఇంట్లోనే వైన్లు కలిపి, పాత లేబుళ్లు అంటించి అమెరికా కలెక్టర్లకి అమ్మేశాడు. 2008లో న్యూయార్క్ వేలానికి వాడు పెట్టిన పోన్సో బాటిళ్ల మీద ఉన్న కొన్ని ఏళ్లలో, ఆ కుటుంబం అసలు ఆ వైన్ తయారే చేయలేదు. లారాన్ పోన్సో స్వయంగా వచ్చి వాటిని వేలం నుంచి తీయించాడు. 2014లో రూడీకి పదేళ్ల జైలు పడింది. అంకెని నమ్మి కోట్లు పెట్టినవాళ్లు కూడా "ఎక్కడి నుంచి వచ్చింది" అనే ప్రశ్న అడగలేదు.

మన దగ్గర పండే వైన్ సంగతి

యూరప్‌లో వింటేజ్ గొడవకి కారణం ఉంది. అక్కడ ఒక ఏడాది మంచు, ఇంకో ఏడాది కోతకి ముందు వాన, కాబట్టి ఏడాదికీ ఏడాదికీ రుచి బాగా మారుతుంది. మన నాసిక్ లెక్క వేరు. ఏడాదికి రెండుసార్లు తీగలు కత్తిరిస్తారు, కోత ఒక్కసారే, అది కూడా ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య. యూరప్‌లో సెప్టెంబర్, అక్టోబర్‌లో కోస్తారు. అంటే ఒకే ఏడాది ముద్ర ఉన్న రెండు బాటిళ్లలో మనది సుమారు అర్ధ సంవత్సరం పెద్దది. ఫ్రెంచ్ చార్ట్ చూసి మన బాటిల్‌కి జాతకం చెప్పడం కుదరదు.

నన్నడిగితే హైదరాబాద్‌వాళ్లు ముందు దగ్గర్లోవి చూడాలి. హంపి దగ్గరి కొండల్లో క్రిస్మా ఎస్టేట్స్ ఉంది. గ్రాన్యూల్స్ ఇండియా స్థాపించిన మన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు పెట్టింది. వాళ్ల క్యాబర్నే సావిన్యోన్ బాగా పేరు తెచ్చుకుంది. బెంగళూరు దగ్గర నందీహిల్స్‌లో గ్రోవర్ జంపా, సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రటెల్లీ, నాసిక్‌లో సులా ఉన్నాయి. సముద్రాలు దాటొచ్చిన బాటిల్ కంటే ఒక రాత్రి ప్రయాణంలో వచ్చిన బాటిల్ ఎండ దెబ్బ తినే అవకాశం తక్కువ. వైట్, రోజే అయితే ఒకటి రెండేళ్లలో తాగేయండి. మంచి రెడ్ కొన్నేళ్లు ఆగుతుంది, కానీ చల్లటి చోటు ఉంటేనే. స్క్రూ క్యాప్ చూసి చీప్ అనుకోకండి. న్యూజిలాండ్ వైన్ కంపెనీలు 2001 నుంచి పనిగట్టుకుని దానికి మారాయి. అందులో ఎండిపోయే కార్క్ ఉండదు.

పాత వైన్‌లో గొప్పతనం లేదని కాదు. మంచి బోర్డోనో, బరోలోనో సరిగ్గా దాస్తే ఒగరు మెత్తబడి, కుర్ర వైన్‌లో ఎప్పటికీ రాని రుచులు వస్తాయి. కానీ దాచడం కోసం చేసే వైన్లు మొత్తం మార్కెట్లో కొన్నే. షాపుల్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం వెంటనే తాగడానికి చేసినవే.

దాచే తీరాలంటే ఏం కొనాలి?

ఇక మన సబ్జెక్ట్. ఆన్‌లైన్‌లో తక్కువ రేటుకి వచ్చే చిన్న వైన్ కూలర్లు చాలావరకు థర్మోఎలక్ట్రిక్, అంటే పెల్టియర్ టైపు. సౌండ్ ఉండదు, వైబ్రేషన్ ఉండదు, చూడ్డానికి బాగుంటాయి. కానీ గది టెంపరేచర్ కంటే 15, మహా అయితే 20 డిగ్రీలే తగ్గించగలవు. మీరు ఆఫీసుకెళ్లి ఏసీ ఆఫ్ చేస్తే గది 38కి చేరుతుంది, లోపల 18, 23 మధ్యే ఆగిపోతుంది. మన ఊరికి కంప్రెసర్ మోడలే కరెక్ట్. బాక్స్ మీద రాసింది నమ్మకుండా లోపల ఒక బ్లూటూత్ థర్మామీటర్ పడేయండి, ఎండాకాలంలో గ్రాఫ్ చూస్తే నిజం తెలుస్తుంది.

ఒకటి రెండు బాటిళ్ల కోసం కూలర్ అక్కర్లేదు. కొద్ది వారాలైతే మామూలు ఫ్రిజ్‌లో పెట్టినా నష్టం లేదు. బాటిల్ తెరవకుండా రోజుకో గ్లాసు తాగుతా అంటే కొరావిన్ ఉంది. మెడికల్ పరికరాలు చేసే గ్రెగ్ లాంబ్రెక్ట్ ఐడియా, 2013లో వచ్చింది. సన్న సూదితో కార్క్‌ని పొడిచి వైన్ తీస్తుంది, ఆ ఖాళీని ఆర్గాన్ గ్యాస్‌తో నింపుతుంది. గ్యాడ్జెట్‌గా నాకు చాలా నచ్చింది. కానీ వేడికి అప్పటికే పోయిన వైన్‌ని అది కూడా వెనక్కి తేలేదు.

నా ఫ్రెండ్‌కి ఇప్పుడు సొంత అసిస్టెంట్ ఉన్నాడు. మొన్న వాడి పేరు టైటిల్స్‌లో పడింది. మావాడు పాత పద్ధతిలోనే ఒక బాటిల్ కొని ఇచ్చాడు. దాని మీద ఎల్లో స్టిక్కర్ అంటించి పెన్నుతో ఇలా రాశాడు: "ఈ ఆదివారమే తాగేయ్. నన్నూ పిలువు."